ఏడు గంటల రీడింగు

మార్చి 2

వదిలేశారు.

మధ్యాహ్నం ల్యాబులో గాజు గొట్టాలు కడుగుతుంటే కెమిస్టు గారు తలుపు దగ్గరికొచ్చి, "మౌనిని వదిలేశారమ్మా" అని చెప్పి వెళ్లిపోయారు. ఆయన మొహంలో ఉన్నది సంతోషమో, భారం దిగిన తీరో తెలియలేదు. నా మొహం ఎలా ఉందో అదీ తెలియలేదు. కడిగిన గొట్టాలనే ఇంకోసారి కడిగాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ టీవీ ముందు కూర్చుని ఉంది. "భార్య హత్య కేసులో నీళ్ల ప్లాంటు ఆపరేటరు విడుదల" అని తెర కింద అక్షరాలు పరిగెడుతున్నాయి. ఆ సాయంత్రం ఏడు గంటలకు, అంటే ఆమె చనిపోయిన వేళకు, అతను ప్లాంటులోనే ఉన్నాడని రీడింగుల పుస్తకం చెబుతోందట. పక్కనే పనిచేసే ల్యాబు అసిస్టెంటు కూడా అదే చెప్పిందట. "అబద్ధమాడవలసిన అవసరం ఏమాత్రం లేని సాక్షి" అని జడ్జి గారు తీర్పులో రాశారట.

ఆ సాక్షిని నేనే. అమ్మ నా వైపు గర్వంగా చూసింది. చెల్లి టీవీ శబ్దం పెంచింది.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా" అంది అమ్మ. "నిప్పు లేనిదే పొగ రాదు. ఆ పిల్ల సరైనదైతే ఇంతదాకా ఎందుకొస్తుంది?"

అవునన్నాను.

మార్చి 3

రాత్రి బాగా నిద్రపట్టింది. బాగానే పట్టింది.

మార్చి 6

నేను పేరున్న మనిషినయ్యాను. బస్సులో కండక్టరు టికెట్టు చింపుతూ, "మీరేగా ఆ నీళ్ల ప్లాంటు మేడం" అన్నాడు. ముందు సీట్లో ఉన్న ఇద్దరు టీచర్లు వెనక్కి తిరిగారు. చచ్చినవాళ్ల కళ్లు చారెడంటారు. ఈమె విషయంలో ఆ సామెత కూడా పనిచేయలేదు. పోయి తొమ్మిది నెలలైనా ఆమె గురించి ఒక్కరూ ఒక్క మంచి ముక్క అనగా నేను వినలేదు.

టీచర్లకు తెలిసినవి రెండు సంగతులు, ఊరందరికీ తెలిసినవే. ఆ సాయంత్రం ఆరూ నలభైకి ఆమె ప్లాంటుకు ఫోన్ చేసి మొగుడు డ్యూటీలో ఉన్నాడా అని అడిగింది. ఏడింటికి ఆ ఇంటి ముందు ఎవడో మగమనిషి చిన్న ట్రక్కు ఆపుకుని నిలబడ్డాడు.

"మొగుడు రాడని రూఢి చేసుకుని మరీ పిలిపించుకుంది" అంది పెద్ద టీచరు. "వాడే చంపి ఉంటాడు. పోనీ మొగుడే చంపాడనుకో, ఏ మగాడు ఊరుకుంటాడు చెప్పు?"

ట్రక్కు మనిషి కోర్టులో ఏం చెప్పాడో పేపరు ఏడో పేజీలో చిన్నగా వేశారు. అతనిది సామాన్ల బండి. రెండు ట్రంకు పెట్టెలు, ఒక కుట్టు మిషను తీసుకెళ్లాలని ఆమె మాట్లాడుకుంది. హారన్ కొట్టి కొట్టి, ఎవరూ రాకపోతే వెళ్లిపోయాడు. నేను ఆ ముక్క చదివాను. వీళ్లు చదివినట్టు లేరు. చెబుదామనుకునేలోగా నేను దిగే స్టాపు వచ్చేసింది.

లేదు. ఇంకా రెండు స్టాపులున్నాయి.

"ఫోన్ తీసింది మీరేనటగా. గొంతు ఎలా ఉందండీ?" అని చిన్న టీచరు అడిగింది.

"హుషారుగానే ఉంది" అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకేదో బరువు తగ్గినట్టయింది. అది నిజం, తగ్గింది.

మార్చి 10

మౌని డ్యూటీకి వచ్చాడు. చిక్కిపోయాడు. తన లాకరు తెరిచి, లోపల దుమ్ము తుడిచి, యూనిఫాం తగిలించుకుని, ఏమీ జరగనట్టే ఫిల్టర్ల దగ్గరికెళ్లాడు. అతనికి ఆ పేరు పెట్టింది మేమే, నోట్లోంచి మాట రాలదని. పెళ్లాం గురించి కూడా ఎన్నడూ ఒక మాట అనేవాడు కాదు. ఆమె ఫోన్ చేస్తే మాత్రం ఎదురుగా గడియారం చూస్తూ వినేవాడు.

తొమ్మిది నెలలుగా జనం ఆ రీడింగుల పుస్తకం గురించి ఏవేవో ఊహించుకున్నారు. అందులో ఏముంది? గంటకోసారి నీళ్లు పట్టాలి. రెండు చుక్కల మందు వేస్తే పసుప్పచ్చగా మారతాయి. ఆ రంగును రంగుల బిళ్లతో పోల్చి, క్లోరిన్ ఎంతుందో అంకె వేసి పొడి సంతకం పెట్టాలి. నేను చేరిన పన్నెండేళ్లుగా ఆ అంకె 0.8. ఎప్పుడైనా 0.7, వానాకాలంలో 0.9. అందుకే ఎవరైనా టీకో, మందులకో, పిల్లల స్కూలుకో వెళితే ఉన్నవాళ్లు రాసేస్తారు. కెమిస్టు గారి కూతురు కాన్పు రోజున ఆయన సంతకాలన్నీ నేనే పెట్టాను. ఎవరి సంతకమైనా వాళ్లకంటే నేనే బాగా పెడతానని ప్లాంటులో జోకు. ఇది మోసం కాదు, సర్దుబాటు. నీళ్లయితే ఏనాడూ చెడలేదు.

సాయంత్రం మౌని ల్యాబులోకి వచ్చాడు.

"థాంక్సక్కా."

"దానికేముంది, ఉన్నదేగా చెప్పాను" అన్నాను.

"అవునక్కా. ఉన్నదే చెప్పావు."

మార్చి 11

ఇవాళ ప్రతి గంటా స్వయంగా నీళ్లు పట్టి చూశాను. 0.8. 0.8. 0.8. చూసినా అంతే, చూడకపోయినా అంతే. మరి దేనికీ బాధ?

మార్చి 15

మౌని పళ్లు తీసుకుని మా ఇంటికి వచ్చాడు. నేనే రమ్మన్నాను. రమ్మనకపోతే బాగోదని.

అమ్మ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తను నేలమీద కూర్చుని, జైల్లో తిండి గురించి అడిగింది. అతని కళ్లజోడు ఒక పక్కకు వంగి ఉంది. చెల్లి పనిచేసేది కళ్లజోళ్ల షాపులో కదా, దానికి వంకర కళ్లజోడు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. "ఇలా ఇవ్వండి" అని లాక్కుని, బ్యాగులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి రెండు నిమిషాల్లో సరిచేసింది. "ఇన్నాళ్లూ లోకాన్ని వంకరగా చూశారన్నమాట" అని నవ్వింది. మా చెల్లి నవ్విందంటే కింది వాటాలో కుక్క మొరుగుతుంది. ఇవాళా మొరిగింది.

"ఇంత గట్టిగా నవ్వేవాళ్లని చూసి చాలా రోజులైంది" అన్నాడు మౌని. మౌని అంత పొడుగు మాట మాట్లాడగా నేను వినలేదు.

అతను వెళ్లాక అమ్మ, "బంగారంలాంటి పిల్లాడు. దాని ఖర్మ కాకపోతే" అంది. దాని అంటే, ఆమె.

చెల్లికి ముప్పై రెండు. ఈ ఇంట్లో ముగ్గురం ఆడవాళ్లమే. మా ఆయన పోయాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. అమ్మ మనసులో ఏం మెదిలిందో నాకు అర్థమైంది. అర్థం కానట్టే అంట్లు తోముకున్నాను.

మార్చి 21

టీవీలో నలుగురు కూర్చున్నారు. అందులో ఒకావిడ మనస్తత్వ నిపుణురాలట. "ఆ సమయంలో మృతురాలి గొంతు హుషారుగా ఉందని తెలుస్తోంది. ఇది గమనించాలి" అంది. మిగతా ముగ్గురూ గమనించారు.

పెదవి దాటితే పృథ్వి దాటుతుందని ఊరికే అనలేదు. బస్సులో ఇద్దరికి చెప్పాను, అంతే.

మార్చి 24

ఆమె తల్లి వచ్చింది.

ప్లాంటు గేటుకు ఎదురుగా బస్టాపు బెంచీ మీద, ఒడిలో చేతిసంచీ పెట్టుకుని కూర్చుంది. నర్సుగా చేసి రిటైరైందని విన్నాను. కోర్టులో చూశాను కానీ ఎప్పుడూ మాట్లాడలేదు. నేను బయటికి రాగానే లేచి నిలబడింది. అరుస్తుందనుకుని చుట్టూ చూశాను.

"గొడవకి రాలేదమ్మా. ఒక్కటి అడిగి వెళ్లిపోతాను. నా కూతురు చివరిసారి మాట్లాడింది మీతోనే. ఏమందో, అన్నది అన్నట్టు చెప్పండి."

"ఆయన డ్యూటీలో ఉన్నాడా అని అడిగింది."

"ఇంకా?"

"అంతేనండి."

"ఆ మాటలేనా? అండీ అందా, మేడం అందా?"

"అండీ అంది."

తల ఊపింది. ఆ ఒక్క మాటని జాగ్రత్తగా దాచుకుంటున్నట్టు ఊపింది. "హుషారుగా ఉందన్నారట మీరు. టీవీలో చెప్పారు. జనం దాన్ని ఏదేదో చేశారు, చేసుకోనివ్వండి. నాకు మాత్రం ఆ మాట మంచిదైంది. పోయేముందు భయపడుతూ ఉందేమోనని ఇన్నాళ్లూ నిద్రపట్టేది కాదు. సంతోషంగానే ఉందన్నమాట."

కళ్లు తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని, బస్సెక్కి వెళ్లిపోయింది.

నా చెయ్యి పట్టుకుంది.

మార్చి 25

సెలవు పెట్టాను. ఒంట్లో బాగోలేదు.

ఏప్రిల్ 1

చెల్లిని చేసుకుంటానని మౌని మా అమ్మని అడిగాడు. నన్ను కాదు, అమ్మని. చెల్లికి ముందే తెలుసు. వారంలో నాలుగు రోజులు షాపు మూసే వేళకు అతను ఎదురుగా రోడ్డవతల నిలబడుతున్నాడట, ఇంటిదాకా దిగబెడుతున్నాడట. నా పక్కనే పనిచేసే మనిషి, నా పక్కనే పడుకునే చెల్లి. ఇద్దర్లో ఒక్కరూ చెప్పలేదు.

"నలుగురూ ఏమనుకుంటారమ్మా?" అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు.

"నలుగురూ ఏమనుకుంటున్నారో రోజూ టీవీలో వింటూనే ఉన్నాంగా. పాపం మంచివాడు, దొరికింది మంచిది కాదు అనే అంటున్నారు" అంది అమ్మ. తర్వాత అతని వైపు తిరిగి సరదాగా, "ఇక దాన్ని అక్కా అనకు నాయనా. వరస మారింది, వదినా అనాలి" అంది.

"వదినా" అన్నాడు మౌని.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఏప్రిల్ 5

చెల్లి ఫోను ఇప్పుడు తెరిచి ఉంచిన తలుపులా ఉంటుంది, అతను ఎప్పుడు కావాలంటే అప్పుడు చూస్తాడు. "నాకేం దాపరికం? చూడనీ" అంటుంది. షాపు నుంచి బయల్దేరగానే ఫోన్, బస్సెక్కగానే ఫోన్, గుమ్మం దగ్గర ఇంకోటి. మొన్న పన్నెండు నిమిషాలు ఆలస్యమైతే బస్సు టైరు పంచరైన సంగతి కండక్టరు చేత చెప్పించింది. అది నవ్వుతూనే చెప్పింది నాకు. మెల్లగా నవ్వింది.

"అదేంటే, గొంతు పోయిందా?"

"షాపులో కస్టమర్లతో అలా పగలబడి నవ్వితే వేరేగా అనుకుంటారన్నాడు. నిజమే కదక్కా. ముందే ఎవరైనా ఆమెకీ చెప్పి ఉంటే బాగుండేది."

వారమైంది, కింది వాటాలో కుక్క మొరగలేదు.

ఏప్రిల్ 8

రాస్తాను. ఎదుటివాళ్ల సంతకం పెట్టే పుస్తకం కాదిది.

ఆ రోజు ఆరు గంటల రీడింగు మౌనే తీశాడు. ఆరుంపావుకి, "తలనొప్పిగా ఉందక్కా, మాత్ర తెచ్చుకుంటా. ఏడుది నువ్వేసెయ్" అన్నాడు. వెనక గేటు నుంచి వెళ్లాడు. కెమెరా ముందు గేటుకే ఉంది కాబట్టి అందరం వెనక గేటే వాడతాం. ఆరూ నలభైకి ఫోన్ మోగింది. ఆమె అన్న మాటలు ఇవి.

"అండీ, మా ఆయన అక్కడున్నారా?"

"ఉన్నాడమ్మా, ఫిల్టర్ల దగ్గర."

"ఎనిమిది దాకా రారు కదండీ?"

"రాడు. పిలవమంటావా?"

"వద్దండీ, వద్దు. నేను ఫోన్ చేశానని చెప్పకండి."

హుషారు లేదు. పక్కగదిలో ఎవరో పడుకుని ఉన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడింది. ఇంట్లో ఒక్కతే ఉండి కూడా.

బయటికెళ్లినవాళ్ల గురించి ఎవరు అడిగినా "ఉన్నారు, ఫిల్టర్ల దగ్గర" అనడం మా అలవాటు. పెద్ద ఆఫీసు నుంచి అడిగినా అదే చెబుతాం. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. ఆమె నా మాట నమ్మింది. ఎనిమిది దాకా టైముందని నమ్మి పెట్టెలు సర్దుకోవడానికి కూర్చుంది. తలుపు గడియ పెట్టి ఉండదు. దేనికి పెడుతుంది, నేను రాడని చెప్పాక?

ఏడు గంటల నీళ్లు నేను పట్టలేదు. 0.8 అని రాసి అతని పొడి సంతకం పెట్టాను. ఏడూ యాభైకి వచ్చాడు. వెళ్లేటప్పుడు నీలం చొక్కా. వచ్చాక యూనిఫాం వేసుకున్నాడు, నీలం చొక్కా కవర్లో చుట్టాడు. "పటిక నీళ్లు పడ్డాయక్కా" అన్నాడు. నీళ్లలో పటిక కలిపే గది వైపు నుంచి రాలేదు అతను. తల తడిగా ఉంది. మాత్ర దొరికిందా అన్నాను. దొరికిందన్నాడు. ఎనిమిదింటి రీడింగు చక్కగా తీసి ఇంటికెళ్లి, తొమ్మిదింటికి తనే వీధిలోకొచ్చి అందరినీ కేకేశాడు.

మర్నాడు పోలీసులు వచ్చేలోగా కెమిస్టు గారు నన్ను పక్కకు పిలిచారు. "పుస్తకంలో ఏముందో అదే చెప్పమ్మా. పుస్తకం అబద్ధమంటే ఊళ్లో ఒక్కరూ మన నీళ్లు ముట్టుకోరు. నలుగురి ఉద్యోగాలు పోతాయి" అన్నారు. చెప్పాను. చొక్కా గురించి ఎవరూ అడగలేదు. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదనుకున్నాను.

తర్వాత నాకు కావలసింది ఒక్కటే అయింది. ఆమె చెడ్డది కావాలి. ఆమె చెడ్డదైతే నా సంతకం పెద్ద తప్పు కాదు. అందుకే బస్సులో ఆ మాట అన్నాను. అమ్మ ఆమెని తిట్టినప్పుడల్లా హాయిగా విన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు ఆమె పేరెత్తినా ముందు నేనే నాలుగు మాటలు అనేదాన్ని.

ఏప్రిల్ 9

చెల్లి రాగానే డాబా మీదికి తీసుకెళ్లాను. ఎండిన బట్టలు తీస్తూ వింది. అంతా చెప్పాను. ఫోనూ, సంతకమూ, చొక్కా, తడి తలా. అది దుప్పటి నాలుగు మడతలు పెట్టింది.

"నాకు తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"మాత్రకి బయటికెళ్లాడనీ, సంతకం నువ్వు పెట్టావనీ. ఆయనే చెప్పాడు. నా దగ్గర ఏదీ దాచలేదు."

"చొక్కా సంగతి చెప్పాడా?"

"నేనడగలేదు."

"అడుగు."

"అడిగి ఏం చేయను?" అంది. కోపంగా లేదు, చిన్నపిల్లకి చెబుతున్నట్టు చెప్పింది. "సరే, నువ్వనుకునేదే నిజమనుకుందాం. ఊరికే చేస్తాడా? ఇంకొకడి బండిలో వెళ్లిపోవడానికి పెట్టెలు సర్దుకుంటుంటే కళ్లారా చూస్తే ఏ మనిషికైనా ఏమవుతుంది? ఊరంతా అదే అంటోంది. అమ్మా అంది. నువ్వూ అన్నావు. హుషారుగా మాట్లాడిందని చెప్పింది నువ్వేగా."

"అది అబద్ధమే. భయపడుతూ మాట్లాడింది. అతనికి భయపడే వెళ్లిపోతోంది."

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేదా?"

తీగ మీద మిగిలిన క్లిప్పులు ఒక్కొక్కటే తీశాను.

చెల్లి బట్టలన్నీ చేతుల్లోకి ఎత్తుకుని మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. నన్ను చూసి జాలిపడింది, నిజంగానే. "ఎందుకక్కా అంత కంగారు? నేను ఆమెలాంటిదాన్ని కాదుగా" అంది.

ఏప్రిల్ 10

ప్రభుత్వ వకీలు దగ్గరికెళ్లాను. కొరివితో తల గోక్కోవడమే. తెలుసు.

ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండా విన్నాడు, చొక్కా దగ్గర తలెత్తాడు. "ఇన్నాళ్లూ ఏం చేశారు?" అన్నాడు. గుమాస్తా అంతా టైపు చేశాడు. కింద సంతకం పెట్టమన్నారు. పన్నెండేళ్లు అందరి సంతకాలూ పెట్టి పెట్టి, నాది ఎలా ఉంటుందో క్షణం ఆలోచించాల్సి వచ్చింది.

"మీ మీదా కేసు పడుతుంది" అన్నాడు వకీలు.

"పడనీయండి. అతన్నెప్పుడు పట్టుకుంటారు?"

"పై కోర్టుకి వెళ్లాలి. దీంతో వెళ్లొచ్చు. నెలలు పట్టొచ్చు."

"ఈలోగా?"

"ఈలోగా అతను నిర్దోషేనమ్మా."

అక్కణ్ణుంచి ఆమె తల్లి ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. "నేను ఫోన్ చేశానని చెప్పకండి" అన్న మాటతో సహా. ఆవిడ తిట్టలేదు. తలుపు కూడా గట్టిగా వేయలేదు. చాలా మెల్లగా వేసింది.

ఏప్రిల్ 17

ఇద్దర్నీ సస్పెండ్ చేశారు. నన్నూ, మౌనినీ. కెమిస్టు గారు మెడికల్ లీవులో ఉన్నారు.

సాయంత్రం టీవీలో మళ్లీ అదే నలుగురు. ఈసారి మాట నా గురించి. మొగుడు లేని మనిషి, ఏళ్ల తరబడి పక్క పక్కనే పని, అతని మీద ఆశ పెట్టుకుందేమో, చెల్లెల్ని చేసుకుంటానన్నాడని కడుపుమంటేమో. "నిప్పు లేనిదే పొగ రాదు కదండీ" అన్నాడు యాంకరు.

అమ్మ ఒక్క ఉదుటున లేచింది. "వీళ్ల నోళ్లు పడిపోను. ముక్కూ మొహం తెలియని ఆడపిల్ల గురించి ఎంత మాట పడితే అంత మాట..." అని ఆగిపోయింది. రిమోట్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత టీవీ కట్టేసి, ప్లగ్గు కూడా పీకేసింది.

ఏప్రిల్ 18

చెల్లి పెట్టె తీసుకుని వెళ్లిపోయింది. రిజిస్టరాఫీసులో పెళ్లికి ముందే దరఖాస్తు పెట్టారట. వెళ్తున్నది ఆమె పోయిన ఆ ఇంటికే. గోడలకు కొత్త రంగు వేయించాడట.

ఏప్రిల్ 19

అమ్మ అన్నం తినలేదు.

ఏప్రిల్ 22

అమ్మ ఇవాళ అడిగింది. "ఆ పిల్ల కుట్టు మిషను కూడా తీసుకెళ్దామనుకుందా?"

"అవునమ్మా."

"లేచిపోయేది ఎవత్తయినా కుట్టు మిషను తీసుకెళ్తుందా?" అంది. నన్ను కాదు, గోడని అడిగింది. ఇన్ని నెలలుగా ఈ ఊళ్లో ఒక్క బుర్రకూ తట్టని ప్రశ్న అది.

ఏప్రిల్ 26

చెల్లి ఫోన్ చేసింది. అమ్మ స్పీకరు పెట్టింది.

"ఎలా ఉన్నావే?"

"బాగున్నానమ్మా. షాపు మానేశాను."

"అదేంటి, ఎందుకు?"

"ఆయనకిప్పుడు డ్యూటీ లేదుగా. రోజంతా ఇంట్లోనే ఉంటాడు. ఆయన ఇంట్లో ఉండి నేను బయట తిరిగితే బాగోదు."

"అక్క మీద కోపంగా ఉన్నాడా?"

"లేదమ్మా. అక్క గురించి ఒక్క మాట కూడా అనలేదు. అసలేమీ అనడం లేదు. కూర్చుని చూస్తుంటాడంతే. నేను చాలా జాగ్రత్తగా ఉంటున్నానమ్మా. ఆయనకి కోపం వచ్చే పని ఒక్కటీ చేయను. ఆమె కూడా ఇలా ఉంటే సరిపోయేది."

తర్వాత ఫోన్ కట్టయింది. తను కట్ చేసిందో, ఎవరు కట్ చేశారో.

నిజం చెప్పి నేను చేసింది ఇదీ. ఎనిమిది గంటలు ప్లాంటులో ఉండే మనిషిని ఇరవై నాలుగు గంటలూ ఇంట్లో కూర్చోబెట్టాను. దాని ఎదురుగా.

ఏప్రిల్ 27

పొద్దున ఆరింటి నుంచి ఫోన్ చేస్తున్నాం. మోగుతోంది. తీయడం లేదు.

వకీలుకు చేశాను. "ఏదైనా జరిగితే చెప్పండి" అన్నాడు. పోలీసు స్టేషనులో రాసుకునేవాడు, "మేజరే కదా, ఇష్టపడే కదా వెళ్లింది" అన్నాడు. వీళ్లందరికీ ముందు ఏదైనా జరగాలి. జరిగాక ఎందుకు వెళ్లిందని అడగాలి. ఇష్టపడి వెళ్లిందంటారు, అక్క చెప్పినా వినలేదంటారు, ముందు పెళ్లాం ఏమైందో తెలిసి కూడా వెళ్లిందంటే దానికెంత పొగరో అంటారు. ఇప్పటినుంచే నాకు వినిపిస్తున్నాయి. నలుగురూ కూర్చుని గమనిస్తారు.

తొమ్మిదైంది. అమ్మ చీర మార్చుకుని వచ్చింది. చేతిసంచీలో మందులూ, నీళ్ల సీసా, దుప్పటీ పెట్టుకుంది.

"అతను బయటికెళ్లే వేళ చూసుకుని వెళ్దామమ్మా" అన్నాను.

"అతనెప్పుడు వెళ్తాడో ఎప్పుడొస్తాడో ఎవరు చెప్పాలి, నువ్వా?" అంది. ఆ మాట అనే హక్కు అమ్మకుంది. నేను తల దించుకున్నాను. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అంది, "అతను ఉండగానే వెళ్దాం. ఎదురుగానే తలుపు కొడదాం. వస్తానంటే తీసుకొద్దాం. రానంటే అక్కడే కూర్చుందాం."